హుస్సేన్‌సాగర్ పూడిక: ముందు తవ్వాలా, ముందు నాలా ఆపాలా?

తెరచాప_నాన్న:
మా పాప సాగర్‌లో ఆప్టిమిస్ట్ అనే పిల్లల తెరచాప పడవ నేర్చుకుంటోంది. పోయిన ఆదివారం గాలికి కూకట్‌పల్లి నాలా వైపు కొట్టుకుపోయి అక్కడే ఆగిపోయింది. పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక బురదలో దిగబడింది. లాగితే తారులాంటి నల్లటి బురద, దానికి చుట్టుకుని పాల కవరు. ఏటా వానాకాలం గాలులకు దేశం నలుమూలల నుంచి సెయిలర్లు పోటీలకు వచ్చే చెరువిది. ఆ మూల తవ్వించి పడవలకు దారి చేయమంటే తప్పేముంది?

కట్టమీది_నడక:
తవ్వడం తప్పని ఎవరూ అనరండీ. ఏది ముందు అన్నదే గొడవ. 2006లో జపాన్ రుణంతో మొదలుపెట్టిన ప్రక్షాళన పథకంలో కూడా పూడికతీత ఉంది. అయినా మొన్న మీ పాప పడవ దిగబడింది. నాలా తెచ్చేది తెస్తూనే ఉంటే మనం తోడేది ఎన్నాళ్లకు తరగాలి?

సిద్దిపేట_రైతు:
అన్నా, మా ఊరి చెరువు మిషన్ కాకతీయలో తీసిండ్రు. ఒండ్రు మట్టి ట్రాక్టర్ల మీద తోలుకొని చేన్ల పోసుకున్నం. నల్లగ, మెత్తగ, పిడికిట్ల పట్టుకుంటే ముద్దయ్యేది. రెండేండ్లు ఎరువు ఖర్చు తగ్గింది. సాగర్ మట్టి గూడ రైతులకే ఇయ్యొచ్చు గద?

నీళ్ల_పరీక్ష:
దయచేసి ఆ పని చేయకండి. మీ ఊరి చెరువులోకి వచ్చింది చేలమీది మట్టి. సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలా దశాబ్దాలుగా మోసింది ఇళ్ల మురుగుతో పాటు బాలానగర్, జీడిమెట్ల ఫ్యాక్టరీల నీళ్లు. ఆ బురదలో సీసం, క్రోమియం లాంటి లోహాలు పరీక్షల్లో బయటపడ్డాయి. చేనుకు పోస్తే పంటలోకి ఎక్కుతాయి. కదిలించినా చిక్కే: అడుగున ఉన్న భాస్వరం, అమ్మోనియా పైకి లేస్తాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు తేలతాయి. తీసిన బురదను ఆరబెట్టి, పరీక్షించి, చెడ్డదైతే దుండిగల్ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఖర్చంతా అక్కడే. బురద తవ్వే బార్జీ కిరాయిది చిన్న లెక్క.

తెరచాప_నాన్న:
చేనుకు పోయకూడదన్న మాట ఒప్పుకుంటాను, నాకు తట్టలేదు. కానీ నాలా పూర్తిగా బాగుపడేదాకా ఆగమంటే మా పాప డిగ్రీలో చేరుతుంది. పిల్లలకు ఈ నాలుగైదేళ్లే కదా.

కట్టమీది_నడక:
ఆ బాధ నాకూ తెలుసు సార్. అందుకే చెరువంతా కెలకొద్దంటున్నాను. నాలా కలిసే చోట నీటి జోరు తగ్గేలా ఒక పెద్ద గుంత తవ్వి ఉంచితే బరువైన మట్టి చాలావరకు అందులోనే దిగుతుంది. ఏటా ఎండాకాలంలో ఆ ఒక్క గుంత తోడితే చాలు. పడవల దారి ఒక్కసారి తీస్తే కొన్నేళ్లు నిలుస్తుంది. పైన మురుగు ఆపే పని దాని దారిన అది నడవాలి.

నీళ్ల_పరీక్ష:
దీనికి నా ఓటు. కానీ బురద పరీక్ష ఫలితాలు టెండరుకు ముందే జనం ముందు పెట్టాలి.

తెరచాప_నాన్న:
అలాగైతే ఈ ఆదివారం పలకకు అంటిన బురద సీసాలో పట్టి తెస్తాను. ఏ ల్యాబుకు ఇవ్వాలో, ఎంత కావాలో చెప్పండి.