గడియారం అక్కర్లేని ద్వీపం: సొమ్మారోయ్‌ది మోసమా, ప్రచారమా?

గోదారిగట్టు:
2019 జూన్‌లో తిరిగిన ఒక వార్త మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఉత్తర నార్వేలో ట్రోమ్సో నగరానికి పడమరగా సొమ్మారోయ్ అనే చిన్న ద్వీపం ఉంది. మూడొందల చిల్లర జనాభా. మే 18 నుంచి జూలై 26 దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. పగలూ రాత్రీ తేడా లేనప్పుడు గడియారం దేనికి, మా ఊరిని సమయం లేని ప్రాంతంగా ప్రకటించండి అంటూ ఊరివాళ్లు సంతకాలు చేసి ఒక పార్లమెంటు సభ్యుడికి అర్జీ ఇచ్చారని, వంతెన కమ్మీలకు చేతి గడియారాలు కట్టేశారని ఫొటోలతో సహా వేశారు. మన న్యూస్ సైట్లూ వేశాయి. ఆ నెల తిరగకముందే నార్వే ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్నార్కే అసలు సంగతి బయటపెట్టింది. ఇదంతా నడిపించింది పర్యాటక ప్రచారం చూసే ప్రభుత్వ సంస్థ ఇన్నోవేషన్ నార్వే. వాళ్లు ఒప్పుకుని క్షమాపణ కూడా చెప్పారు.

నన్నడిగితే క్షమాపణ కూడా అనవసరం. చేపల మీద బతికే ఊరు అది. పేరు నాలుగు చోట్ల వినబడితే నలుగురు వస్తారు. ఎవరికి నష్టం?

భీమిలి_మాధవి:
నష్టం అర్జీకి జరిగింది. ప్రకటన వేసుకోండి, వీడియో చేసుకోండి, ఎవరు కాదన్నారు? కానీ ఒక ప్రభుత్వ సంస్థ వెనక నిలబడి, జనం చేత అదే ప్రభుత్వానికి అర్జీ పెట్టించడం ఏమిటండీ? సంతకాలు పట్టుకుని ఎంపీ దగ్గరికి వెళ్లడమంటే సామాన్యుడికి మిగిలిన ఒకే ఒక్క దారి. రేపు అదే ఊరు నిజంగా ఏదైనా కావాలని, స్కూలో, డాక్టరో, చేపలు పట్టే కోటాలో మార్పో, సంతకాలు పట్టుకెళ్తే "ఈసారి ఏ ఏజెన్సీ రాయించింది?" అని నవ్వరా?

లక్కీ_2011:
మా ఆఫీసుకి కూడా ఈ స్కీమ్ కావాలి. లాగిన్ టైమ్ తీసేస్తే చాలు, సంతకం నేనే మొదట పెడతా 😄
సీరియస్‌గా ఒక డౌట్. అక్కడ రాహుకాలం ఎలా లెక్కేస్తారు? సూర్యోదయమే లేదుగా!

ట్రోమ్సో_తెలుగు:
లక్కీ తమ్ముడూ, మా రాహుకాలం అమ్మ ఫోన్‌లో చెప్పిందే 🙂 కానీ నువ్వు నవ్వులాటకి అడిగినదాంట్లోనే అసలు విషయముంది. ఇక్కడి ముస్లింలకు రంజాన్ వేసవిలో పడినప్పుడు ఇదే సమస్య వచ్చింది. సూర్యుడు దిగకపోతే ఉపవాసం ఎప్పుడు విడవాలి? అందుకని మక్కా సమయాలు పాటించారు. అంటే ఆకాశం టైమ్ చెప్పడం మానేసినప్పుడు మనిషికి గడియారం ఇంకా ఎక్కువ కావాలి.

సొమ్మారోయ్ ట్రోమ్సో నుంచి కారులో గంట పైన. చివర్లో ద్వీపానికి వెళ్లే వంతెన ఒకే వరుస, ఎదురుగా బండి వస్తే ఆగాల్సిందే. తెల్లటి ఇసుక, నీళ్ల రంగు చూస్తే ఉష్ణ దేశమనుకుంటారు, కాలు పెడితే తెలుస్తుంది. దూరంగా సముద్రంలోంచి కోసుగా లేచి నిలబడ్డ హోయా అనే ద్వీపం కనబడుతుంది. వేసవిలో ఈ ప్రాంతంలో రాత్రి పన్నెండుకి పిల్లలు బంతి ఆడటం, ఎవరో ఒకరు ఇంటికి రంగు వేసుకోవడం మామూలే. ఆ మాటవరకు వార్త అబద్ధం కాదు.

కానీ చేపల ఊళ్లో గడియారం తీసేస్తే ఏమవుతుందో ఆలోచించండి. పడవ తెచ్చిన సరుకు దింపుకోవడానికి ఒడ్డున మనుషులు ఉండాలి, వాళ్లకి షిఫ్టులుంటాయి. ఆటుపోట్లు చూసుకోవాలి. పక్కనే బ్రెన్స్‌హోల్మెన్ నుంచి సెన్యా ద్వీపానికి వేసవిలో ఫెర్రీ నడుస్తుంది, టైమ్‌టేబుల్ ప్రకారమే. తప్పిపోతే చాలా దూరం చుట్టి రావాలి. ఇంకో ముక్క, నార్వే గడియారం మధ్య యూరప్‌ది, వేసవిలో మరో గంట ముందుకు జరుపుతారు. అందుకని "అర్ధరాత్రి సూర్యుడు" అన్నిటికన్నా కిందికి దిగేది పన్నెండుకి కాదు, ముప్పావు గంట తర్వాత. ఆ అర్జీలో నిజంగా అడగదగ్గది ఏమైనా ఉంటే అది ఇదే 🙂

గోదారిగట్టు:
అన్నా, మీరు చెప్పినదాన్నిబట్టే సగం నిజం కదా. పిల్లలు అర్ధరాత్రి ఆడతారు, ఇళ్లకి రంగులు వేసుకుంటారు. కాస్త మసాలా కలిపారు, అంతే. ప్రపంచంలో ఏ టూరిజం శాఖ కలపదు?

పాత_విలేకరి:
మసాలా సంగతి సరే, తిన్నవాళ్ల సంగతేంటి? ఇరవై ఐదేళ్లు డెస్క్‌లో పనిచేశాను కాబట్టి చెప్తున్నాను. ప్రెస్ నోట్, మంచి ఫొటో, వేసవి, వార్తల కరువు. ఈ నాలుగూ కలిస్తే ఎవరూ ఫోన్ తీయరు. ఆ ద్వీపంలో హోటల్ ఉంది. "మీ చెక్ ఇన్ టైమ్ ఎంత?" అని ఒక్క కాల్ చేస్తే కథ కూలిపోయేది. నా ఓటు: ఏజెన్సీది చిన్న తప్పు, మా వృత్తిది పెద్ద తప్పు.

భీమిలి_మాధవి:
మీరు మరీ పెద్దమనసు చేసుకుంటున్నారు సార్. డెస్క్‌లో వాళ్లు ఎందుకు నమ్మారు? సంతకాలున్నాయి, ఎంపీ ఉన్నాడు, ఊరివాళ్లు కెమెరా ముందు మాట్లాడారు. ఇవి నమ్మకం పుట్టించే వస్తువులు, వాటినే వాడుకున్నారు. కోలా కంపెనీ ఈ పని చేస్తే మార్కెటింగ్ అని వదిలేస్తాను. పన్ను డబ్బుతో నడిచే సంస్థ చేస్తే వదలను. గోదారిగట్టు గారూ, ఒక్కటి అడుగుతాను. "ఇది ప్రచారం" అని మొదటిరోజే కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటే ఆ ఫొటోలు తక్కువ అందంగా ఉండేవా?

గోదారిగట్టు:
అందం తగ్గదు, షేర్లు తగ్గేవి. అప్పుడు మనం ఇక్కడ ఈ ఊరి గురించి మాట్లాడుకునేవాళ్లమే కాదు. అది కూడా ఒప్పుకోండి మేడమ్.

భీమిలి_మాధవి:
ఒప్పుకుంటాను. అందుకే ఇది పనిచేసిన అబద్ధం అంటున్నాను. పనిచేసింది కాబట్టి రేపు ఇంకో ఊరి పేరు మీద ఇంకోటి వస్తుంది.

శ్రీవల్లి_వరంగల్:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. జూలై మొదటి వారంలో పిల్లలతో వెళ్తున్నాం. నిద్ర గురించే టెన్షన్. చూడదగ్గ చోటేనా?

ట్రోమ్సో_తెలుగు:
తప్పకుండా వెళ్లండి అక్కా. దట్టమైన కర్టెన్లున్న గది అడిగి తీసుకోండి, పిల్లలకి కళ్లగంతలు పట్టుకెళ్లండి, జాకెట్లు మర్చిపోవద్దు. అరోరా, అదే రాత్రి ఆకాశంలో కనబడే రంగుల వెలుగులు, మాత్రం ఆశించకండి, ఆకాశం చీకటి పడితేగా! దానికి శీతాకాలంలో రావాలి, నవంబరు చివర్నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు పైకే రాడు. ఫెర్రీలో సెన్యా కూడా చూడాలనుకుంటే టైమ్‌టేబుల్ ముందే ఫోన్‌లో దించుకోండి.

గోదారిగట్టు:
చూశారా, ఒక కుటుంబం వెళ్తోంది! 😀

భీమిలి_మాధవి:
ఆవిడ వెళ్తోంది అక్కడి సముద్రం కోసం. మీ గడియారాల కోసం అని ఆవిడ ఎక్కడ అన్నారు?