ఫెనువా, ఫనువా, హొనువా... నేలకి ఇన్ని పేర్లా, ఒకటే పేరా?

పసిఫిక్ దీవుల భాషల్లో చూడండి. న్యూజిలాండ్ ఆదివాసుల భాష మావోరీలో నేలని ఫెనువా అంటారు, సమోవాలో ఫనువా, టోంగాలో ఫొనువా, ఈస్టర్ ఐలాండ్‌లో హెనువా, హవాయిలో హొనువా. వరసగా పైకి చదివి చూడండి, ఒక ఇంటి పిల్లల్లా లేరూ? వీటన్నిటికీ మూలమైన పాత భాషలో కూడా ఈ మాట ఫనువానే అని భాషావేత్తలు తేల్చారు, ఇంకా వెనక్కి పోతే పనువా, బనువా. ఫిజీలో వనువా అంటారు, 1980లో స్వతంత్రం వచ్చినప్పుడు వనువాటు అని పేరు పెట్టుకున్న దేశంలో ఉన్నదీ ఆ మాటే. మలేసియావాళ్ళ మలయ్ భాషలో బెనువా అంటే ఏకంగా ఖండం. ప కాస్తా హ అయిపోవడం మనకి కొత్తేం కాదు, మన పాలు కన్నడంలో హాలు కదా.

— హవాయిలో నేలంటే ఆఇన కదండీ? నేను ఎక్కడ చదివినా అదే కనిపించింది.

— రెండూ ఉన్నాయండీ. హొనువా అంటే భూమి, ప్రపంచం లాంటి పెద్ద అర్థం, మనుషులు బతికే నేల ఆఇన. ఆఇ అంటే తినడం, తిండి పెట్టేది గనక ఆఇన అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కానీ దీని అక్కచెల్లెళ్ళని చూస్తే నాకు ఒళ్ళు పులకరించింది. మావోరీలో కాఇంగ, అంటే ఊరు, ఉండే చోటు. టోంగాలో కాఇంగ అంటే చుట్టాలు. సమోవాలో మొదటి క ఊడిపోయి ఆఇంగ అయింది, అర్థం కుటుంబం. హవాయిలో కూడా క పోయింది, చివర ంగ (ఙ) కాస్తా న అయి ఆఇన అయింది. ఒక దీవిలో ఇల్లూ వాకిలీ, ఇంకోచోట బంధువులు, ఇంకోచోట నేల, మాట మాత్రం ఒకటే!

ఇంకోటి చెప్పడం మర్చిపోయా, మావోరీలో ఫెనువా అంటే బిడ్డ పుట్టాక పడే మాయ కూడా. ఆ ఫెనువాని తీసుకెళ్ళి ఈ ఫెనువాలో పూడుస్తారు.

— అయ్యో, మా ఊళ్ళో కూడా మాయని పెరట్లో లోతుగా గొయ్యి తీసి పూడ్చేవాళ్ళండీ, కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టేది మా నాయనమ్మ. కానీ మనకి మాయ వేరు, నేల వేరు. వాళ్ళు ఎక్కడ పూడుస్తారు?

— తాతముత్తాతల భూమిలోనండీ, కొందరు ఒక చెట్టు మొదట్లో. ఆ నేలకి చెందినవాళ్ళని తంగత ఫెనువా అంటారు, తంగత అంటే మనిషి.