వాన నీరు, మురుగు నీరు: ఉన్న నగరాన్ని తవ్వి మరీ విడగొట్టాలా?

నీటిచుక్క:
చాలా పాత నగరాల్లో వాన నీరు, ఇళ్ల మురుగు ఒకే పైపులో పోతాయి. పెద్ద వాన పడితే పైపు నిండిపోతుంది. అప్పుడు శుద్ధి కేంద్రానికి చేరకుండానే ఆ కలగలుపు నీరు నదిలో పడుతుంది. ఎంత ఖర్చయినా రెండింటినీ విడగొట్టాల్సిందే అంటాను. 1880లోనే అమెరికాలోని మెంఫిస్‌లో జార్జ్ వేరింగ్ అనే ఇంజినీరు మురుగుకు మాత్రమే చిన్న పైపులు వేయించాడు. ఇంకా ఎన్నాళ్లు వాయిదా వేస్తాం?

ఏటిఒడ్డు:
వేరింగ్ వెళ్లేటప్పటికి ఆ ఊళ్లో సరైన మురుగు వ్యవస్థే లేదండీ, కొత్తగా వేయడం వేరు. ఉన్న నగరంలో ప్రతి వీధినీ తవ్వాలి. వీధితో అయిపోదు, ఇంటి లోపల కూడా మేడ మీది వాన గొట్టాన్నీ మరుగుదొడ్డి పైపునూ వేరు చేయాలి. అందుకే లండన్ ఆ జోలికి పోకుండా 25 కిలోమీటర్ల సొరంగం తవ్వుకుంది. వ్యాసం 7.2 మీటర్లు. పొంగిన నీటిని అందులో పట్టి శుద్ధి కేంద్రానికి పంపుతారు. షికాగో 1975లోనే ఈ దారి పట్టింది.

నీటిచుక్క:
సొరంగం కూడా నిండితే మళ్లీ నదే కదా? పైగా అందులో చేరిన వాన నీటినంతా పంపులతో పైకి తోడాలి, మురుగుతో సమానంగా శుద్ధి చేయాలి. ఆ కరెంటు ఖర్చు ఏటేటా ఉండేదే.

మ్యాన్‌హోల్‌మిత్ర:
పైపుల నిర్వహణ పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. వాననూ మోయాలి కనుక కలగలుపు పైపు చాలా పెద్దది. వాన లేని రోజుల్లో మురుగు దాని అడుగున సన్నగా, నెమ్మదిగా పారుతుంది. మడ్డి పేరుకుని కుళ్లుతుంది, విషవాయువు పుడుతుంది. తొలి పెద్ద వాన ఆ మడ్డినంతా లేపి నదిలోకి తోసేస్తుంది. మురుగుకు విడిగా చిన్న పైపు, సరిపడా వాలు ఉంటే ఈ బాధ తగ్గుతుంది. సెకనుకు 0.6 మీటర్ల వేగం వస్తే చాలు, నీరే మడ్డిని ఈడ్చుకుపోతుంది. ఇంతవరకు నేను నీటిచుక్క గారి పక్షమే.

కానీ విడగొట్టాక జరిగేది కూడా చూడాలి. వీధిలో రెండు పైపులుంటే, ఇల్లు కట్టేవాళ్లు ఏది దగ్గరుంటే దానికి కలిపేస్తారు. మరుగుదొడ్డి వాన పైపుకు కలిసిందంటే, ఆ మురుగు శుద్ధి అన్నదే లేకుండా రోజూ నదికి పోతుంది. పాత పైపులో వాన లేనప్పుడైనా శుద్ధి జరిగేది! అదే మేడ మీది నీరు మురుగు పైపులోకి వస్తే, చిన్న పైపు కాబట్టి మ్యాన్‌హోళ్లు పొంగుతాయి, కింది అంతస్తు బాత్రూముల్లోకి మురుగు తన్నుకొస్తుంది. ఇలాంటి తప్పు కనెక్షన్లు పట్టుకోవాలంటే పైపులోకి పొగ వదలాలి, రంగు నీళ్లు పోసి ఎక్కడ తేలతాయో చూడాలి. ఇంటింటికీ తిరిగే పని ఇది. పైపులకు డబ్బు అడిగేవాళ్లు దీనికీ అడగాలి.

ఇంకో మాట. రోడ్డు మీద పారిన వాన నీరు శుభ్రమైనది కాదు. నూనె, బ్రేకుల నుంచి రాలే రాగి, టైర్ల పొడి అన్నీ అందులోనే. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాగుల్లో కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే ఎందుకు చచ్చిపోతున్నాయో 2020లో తేలింది. టైర్లు పగలకుండా కలిపే రసాయనం ఓజోన్‌తో కలిసి విషంగా మారి, వాన నీటితో వాగుల్లోకి చేరుతోంది.

ఏటిఒడ్డు:
అందుకే వాన నీరు అసలు పైపులోకి రాకుండా చూడాలంటున్నాను. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1993 నుంచి 2011 దాకా 50 వేలకు పైగా మేడ గొట్టాలను మురుగు పైపుల నుంచి తప్పించి తోటల్లోకి, పచ్చిక మీదికి మళ్లించారు. ఫిలడెల్ఫియా కూడా 2011లో ఇలాంటి పనులకే 25 ఏళ్ల ప్రణాళిక పెట్టుకుంది.

నీటిచుక్క:
నేల ఖాళీగా ఉన్నచోట సరే. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల దగ్గర నీళ్లు ఎక్కడ ఇంకుతాయండీ?

మ్యాన్‌హోల్‌మిత్ర:
అలాంటి చోట పైపే గతి, ఒప్పుకుంటాను. రోడ్డు ఎలాగూ తవ్వుతుంటే రెండో పైపు అప్పుడే వేసేయాలి. ఇంటి లోపలి మార్పుల ఖర్చు నగరమే భరించాలి, లేకపోతే చాలామంది చేయించుకోరు. పొగ పరీక్ష పూర్తయ్యేదాకా మాత్రం ఆ కొత్త వాన పైపును పాత పెద్ద పైపులోకే కలిపి ఉంచాలి, నదికి తెరవకూడదు.