లేటుగా పిల్లలు పుడితే బ్రెస్ట్ క్యాన్సర్ రిస్క్ ఎక్కువా?

ప్రశ్న: నాకు 34 అండీ, 3 నెలల క్రితం మొదటి పాప పుట్టింది. పీరియడ్స్ 11 ఏళ్లకే మొదలయ్యాయి, మధ్యలో ఒక అబార్షన్ కూడా అయింది. మొన్న పాలిచ్చేటప్పుడు ఎడమవైపు బఠాణీ గింజంత గడ్డ తగిలింది, రెండ్రోజుల్లో పోయింది గానీ నాకు అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. అబార్షన్ వల్ల కూడా వస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు 1: అబార్షన్ భయం తీసేయండి ముందు. 2004లో 16 దేశాల్లోని 53 స్టడీలు కలిపి చూశారు, సంబంధం లేదని తేలింది. ఆ మాట అన్నవాళ్ల మీద నిజంగా కోపమొస్తోంది నాకు. పీరియడ్స్ తొందరగా రావడం, 30 దాటాక మొదటి కాన్పు, ఇవి రిస్క్ కొంచెం పెంచుతాయి, ఎందుకంటే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఎక్కువ ఏళ్లు పనిచేస్తుంది, పైగా కాన్పయ్యి పాలిచ్చేదాకా రొమ్ములోని కణాలు పూర్తిగా ముదరవు.

జవాబు 2: పాలివ్వడం మానకండమ్మా. 2002లో 30 దేశాల డేటా చూస్తే, మొత్తం మీద పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ రిస్క్ 4.3 శాతం, ప్రతి కాన్పుకీ ఇంకో 7 శాతం తగ్గింది. అసలు 1713లోనే రామజ్జిని అనే ఇటలీ డాక్టరు, పిల్లలు కనని క్రైస్తవ సన్యాసినుల్లో ఈ జబ్బు ఎక్కువని రాశాడు.

జవాబు 3: ఒక్కటి మాత్రం చెప్తా, కాన్పయిన వెంటనే రిస్క్ తగ్గదు, కొన్నేళ్లు కాస్త పెరిగి తర్వాతే తగ్గుతుంది. మా అక్క పాలగడ్డే అనుకుని 4 నెలలు ఊరుకుంది, అది పాలగడ్డ కాదు. మళ్లీ తగిలి వారం దాటినా పోకపోతే స్కాన్ చేయించుకోండి, పాలిస్తున్నా చేస్తారు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, రేపే ఒకసారి చూపించుకుంటా.