థర్డ్ నార్మల్ ఫామ్‌లోకి తెచ్చాక పాత ఆర్డర్ల మొత్తాలు మారిపోయాయి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. డేటాబేస్ డిజైన్ సొంతంగా నేర్చుకుంటున్నాను. మొదట్లో నాదంతా ఒకటే టేబుల్: ఆర్డర్ నంబరు, కస్టమర్ పేరు, ఫోన్, వస్తువు కోడ్, వస్తువు పేరు, ధర, ఎన్ని. ఒక కస్టమర్ ఫోన్ నంబరు 40 వరుసల్లో ఉండేది. అది మారినప్పుడు 39 దిద్ది ఒకటి వదిలేశాను. విసుగొచ్చి థర్డ్ నార్మల్ ఫామ్ (ఒక్కో విషయం ఒక్కచోటే ఉండేలా టేబుళ్లు విడగొట్టే నియమం) ప్రకారం కస్టమర్లు, వస్తువులు, ఆర్డర్లు, ఆర్డర్ లైన్లు అని విడగొట్టాను. ధర వస్తువుల టేబుల్‌లోకి వెళ్లింది. మొన్న ఒక వస్తువు ధర 120 నుంచి 150 చేయగానే ఆర్నెల్ల కిందటి ఆర్డర్ల మొత్తాలు కూడా పెరిగి కూర్చున్నాయి! ధరని మళ్లీ ఆర్డర్ లైన్లలో పెడితే పడ్డ శ్రమంతా నీళ్లపాలేనా?

జవాబు 1:
నార్మలైజేషన్ (ఇలా టేబుళ్లు విడగొట్టడం) పుస్తకాల్లోనే బాగుంటుందండీ. ఎలాగూ జాయిన్‌లతో, అంటే విడగొట్టిన టేబుళ్లని మళ్లీ కలిపి చదవడంతో, స్లో అవుతుంది. మళ్లీ ఒకే టేబుల్ చేసేయండి, గొడవ వదిలిపోతుంది.

జవాబు 2:
ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోమన్నట్టుంది పై సలహా. నాలుగు టేబుళ్లకి, కీల (ఒక్కో వరుసని గుర్తుపట్టే కాలమ్‌ల) మీద ఇండెక్స్‌లు (త్వరగా వెతికే సూచికలు) ఉంటే, జాయిన్ ఒక లెక్క కాదు.

మీరు పొరబడింది ఒక్కచోటే. పేరు ఒకటే అయినా అవి రెండు ధరలు. వస్తువు ఇవాళ్టి ధర తెలియాలంటే కోడ్ చాలు. ఆ ఆర్డర్‌లో ఎంతకి అమ్మారో తెలియాలంటే ఆర్డర్ నంబరు, కోడ్ రెండూ కావాలి. (ఒక ఆర్డర్‌లో ఒకే వస్తువు రెండు లైన్లలో రాదనుకుంటున్నాను. వస్తే లైన్ నంబరు కీ చేసుకోండి.) అమ్మిన ధర మొత్తం కీ మీద ఆధారపడింది కాబట్టి దాని చోటు ఆర్డర్ లైన్లే, థర్డ్ నార్మల్ ఫామ్ ఏమీ చెడదు. అదే వస్తువు పేరు తెచ్చి అక్కడ పెట్టారనుకోండి, సెకండ్ నార్మల్ ఫామే (కీలో ఒక ముక్క మీదే ఏ కాలమూ ఆధారపడకూడదన్న నియమం) పోతుంది, కోడ్ తెలిస్తే పేరు తెలిసిపోతుంది కదా. 1971లో రిలేషనల్ డేటాబేస్ సిద్ధాంతకర్త కాడ్ ఈ రెండు ఫామ్‌లనీ నిర్వచించింది ఏది తెలిస్తే ఏది తెలుస్తుందన్న లెక్క మీదే. 120 అన్న అంకె రెండుచోట్ల కనబడినంత మాత్రాన తప్పేం లేదు.

డెలివరీ అడ్రస్ ఎక్కడ పెట్టారు? అదీ ఇదే బాపతు.

అడిగినవారు:
అమ్మిన ధర కాలమ్ చేర్చాను. పాత వరుసల్లో ఇప్పటి ధర నింపేయబోయి ఆఖరి నిమిషంలో ఆగాను, తప్పు శాశ్వతమైపోయేది. ధర మార్చకముందు తీసిన బ్యాకప్ నుంచి నింపి, నాట్ నల్ (ఖాళీగా వదలకూడదన్న షరతు) పెట్టాను. మొత్తాలు సరిపోయాయి.

అడ్రస్ కస్టమర్ల టేబుల్‌లోనే ఉందండీ. చూస్తే ఈమధ్య ముగ్గురు ఇల్లు మారారు. ఈ రాత్రికి అదే పని.