డ్రమ్ముకి కాకుండా కడిగిన పార్టుకి బిల్లు: ఒప్పుకోవచ్చా?

బాలానగర్ వర్క్‌షాప్:
నమస్కారం అండి. మాది బాలానగర్‌లో చిన్న మెషీనింగ్ యూనిట్. పార్టుల మీది ఆయిల్ పోవడానికి మూత లేని ట్యాంకులో ట్రైక్లోరోఇథిలీన్ అనే సాల్వెంట్ (జిడ్డుని కరిగించే ద్రవం) వాడతాం. డ్రమ్ములు తెప్పిస్తూనే ఉన్నాం, చాలావరకు గాల్లోకే పోతోందని నా అనుమానం. ఇప్పుడు సప్లయర్ కెమికల్ లీజింగ్ అంటున్నారు. మూసి ఉండే మెషీన్ వాళ్లే పెడతారట, సాల్వెంట్ వాళ్లదేనట, మురికిపట్టింది వాళ్లే తీసుకెళ్తారట. కడిగిన పార్టుల లెక్కన మేం నెలకి బిల్లు కట్టాలి. "సరుకు మన చేతిలో ఉండాలి" అని నాన్నగారు ఒప్పుకోవడం లేదు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఏమేం చూసుకోవాలి?

జీడిమెట్ల ప్రాసెస్:
బ్రదర్, ఇది నిన్నమొన్న పుట్టిన పద్ధతి కాదు. యునిడో (ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ), ఆస్ట్రియా ప్రభుత్వం కలిసి 2004 నుంచి ముందుకు తెస్తున్నదే. డ్రమ్ము లెక్కన అమ్మేవాళ్లకి మీరు ఎంత ఎక్కువ వాడితే అంత లాభం. పార్టు లెక్కన తీసుకునేవాళ్లకి ఆవిరైన ప్రతి లీటరూ సొంత నష్టం. మూసిన మెషీన్ వాళ్లే ఎందుకు తెస్తున్నారో నాన్నగారికి ఇలా చెప్పి చూడండి.

ముందు పోయిన ఏడాది సాల్వెంట్ బిల్లులు, కరెంటు, వ్యర్థం పంపిన ఖర్చు కలిపి పార్టుకి ఎంత పడిందో తీయండి. ఆ అంకె చేతిలో లేకుండా రేటు మాట్లాడొద్దు. చిన్న వాషర్‌కీ పెద్ద వాల్వ్ బాడీకీ ఒకే రేటు కుదరదు, బుట్ట లెక్కనో కడిగిన ఉపరితలం చదరపు మీటర్ల లెక్కనో రాయించుకోండి. ఎంత శుభ్రంగా ఉంటే పాస్ అన్నదీ కాగితం మీద ఉండాలి. కనీస బిల్లు దగ్గర మాత్రం గట్టిగా బేరమాడండి, ఆర్డర్లు లేని నెలల్లో అదే మెడకి చుట్టుకుంటుంది.

ఈహెచ్ఎస్ పటాన్‌చెరు:
వాడేసిన సాల్వెంట్ ప్రమాదకర వ్యర్థం. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద మీ షెడ్డులో పుట్టిన వ్యర్థానికి మీరూ జవాబుదారీయే. తీసుకెళ్లేవాళ్లకి కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్ ఉందో లేదో చూడండి. ప్రతి లోడుకీ ఫారం 10 మానిఫెస్ట్ (వ్యర్థం రవాణా పత్రం) కాపీ దాచుకోండి. మామూలుగా 90 రోజులకి మించి నిల్వ పెట్టకూడదు.

జీడిమెట్ల ప్రాసెస్:
ఇంకో ముఖ్యమైన సంగతి. ట్రైక్లోరోఇథిలీన్ మనుషులకి క్యాన్సర్ తెస్తుందని తేలింది. దాని ఆవిరి గాలికంటే నాలుగింతలకు పైగా బరువు, షెడ్డులో కిందే పేరుకుంటుంది. ట్యాంకు మీదికి వంగి బుట్టలు దించే కుర్రాళ్లని తలుచుకుంటే నాకు గుండె తరుక్కుపోతుంది. అసలు సాల్వెంటే లేకుండా వేడినీళ్లు, ఆల్కలీ డిటర్జెంట్‌తో ట్రయల్ వేయమని ఆ సప్లయర్‌నే అడగండి. పార్టుకి డబ్బు వస్తున్నప్పుడు ఫలానా కెమికలే అమ్మాలన్న పట్టుదల వాళ్లకి ఉండక్కర్లేదు.

బాలానగర్ వర్క్‌షాప్:
మా పార్టుల్లో బ్లైండ్ హోల్స్ (అవతలి వైపుకి తెరుచుకోని రంధ్రాలు) ఉన్నాయండి. నీళ్లు నిలిచి తుప్పు పట్టదా?

జీడిమెట్ల ప్రాసెస్:
పట్టొచ్చు. అందుకే ట్రయల్‌కి ఆ పార్టులే ఇవ్వండి. వేడిగాలితో గానీ వాక్యూమ్‌తో గానీ ఆరబెట్టి చూపించమనండి. ఆరకపోతే మూసిన సాల్వెంట్ మెషీనే మీకు దారి.