మంచు పడుతుందా, కురుస్తుందా, రాలుతుందా?

పొగమంచుకీ, హిమపాతానికీ, ఐసుగడ్డకీ మన దగ్గర "మంచు" ఒక్కటే మాట, ఎంత పేదరికమో అని ఇక్కడ ఒక మిత్రులు రాశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. నామవాచకం ఒకటే అయితేనేం, తేడా చూపించే పని మన క్రియలు చేస్తున్నాయి.

ప్రస్తుతం కశ్మీరులో, తంగ్‌మార్గ్ దగ్గర ఒక పల్లెలో మిత్రుడింట్లో ఉన్నాను. ఇక్కడ చలి బాగా ముదిరే 40 రోజుల చిల్లా-ఎ-కలాన్ డిసెంబరు 21న గానీ మొదలవదు, తొలి మంచు మాత్రం నిన్ననే వచ్చేసింది. ఇంటిల్లిపాదీ "నవ్ షీన్ ముబారక్" చెప్పుకున్నారు. షీన్ అంటే మంచే, కొత్త మంచుకి శుభాకాంక్షలన్నమాట. నేను ఫెరన్ అనే వదులు అంగీ లోపల కాంగ్డీ, అంటే నిప్పుల కుంపటి, పెట్టుకుని గుమ్మంలో కూచున్నాను. గాలి లేదు. ఒక మంచుపలుకు చేతిగుడ్డ మీద వాలింది. ఆరు కొనలూ విడివిడిగా కనబడ్డాయి. వంగి చూడబోతే ఊపిరి తగిలి నీటిబొట్టయిపోయింది.

దీన్ని "మంచు పడుతోంది" అనబుద్ధి కాలేదు. ఆ మాట మనం ధనుర్మాసానికి ఇచ్చేశాం: "మంచు పడుతోంది, చెవులకి గుడ్డ కట్టుకో" అంటుంది అమ్మ. వడగళ్ళూ పడతాయి. వాన కురుస్తుంది, దానికి ధార ఉంటుంది. ఇదేమో పారిజాతాల్లా రాలింది, ఆగి ఆగి, పక్కకి జరుగుతూ. మధ్యాహ్నం జోరందుకున్నాక "కురుస్తోంది" సరిపోయింది. సాయంత్రానికి అక్రోటు కొమ్మల మీద పేరుకుంది.

పెద్దన మనుచరిత్ర చూడండి: "నీహారవారి బెరసి తత్పాదలేపంబు గరగిపోయె". మంచునీరు కలిసి ఆ కాళ్ళ లేపం కరగిపోయిందని. నీహారం, వారి, పాదలేపం అన్నీ సంస్కృతమే. బెరయడం, కరగడం మనవి. ఆ లేపం మహిమతో హిమాలయానికి వచ్చిన ప్రవరుడు ఇంటికి తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయింది ఆ రెండు తెలుగు క్రియలతోనే. వెంటనే ఆ కరగిపోవడాన్నే మళ్ళీ ఎత్తుకుని, అది అతనికి తెలియలేదంటాడు. ఎన్నిసార్లు చదివినా అక్కడ ఆగిపోతాను.

మీ ఊళ్ళో ఏమంటారో రాయండి.

— మా తెలంగాణ దిక్కు "ఇగం" అంటరు సార్. ఇగం పెడుతున్నది, ఇగానికి చేతులు కొంకర్లు పోయినయ్. మరి అది మంచేనా, చలేనా?

— మీరు రాసిన వాక్యాల్లో చలే అనిపిస్తోందండీ. ఇగం "పెట్టడం" నాకు కొత్త, రాసిపెట్టుకున్నాను.

— మాది పాడేరు వైపు. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు, రాత్రి బయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని. అక్కడ తెల్లారేసరికి గడ్డి తెల్లబడి ఉంటుంది. పైనుంచి పడిందీ కాదు, రాలిందీ కాదు. "మంచు గడ్డకట్టింది" అంటాం.

— నిజమేనండీ, గాలిలో చెమ్మ గడ్డి మీదే గడ్డకడుతుంది కాబట్టి ఆ క్రియే సరైనది. "మంచు పట్టింది" అని కూడా అంటారా మీ వైపు?